కార్డ్‌లెస్ స్క్రూడ్రైవర్: ఏ పనికి ఏది కొనాలి, కొన్నాక ఎలా వాడాలి

స్క్రూలు బిగించే బ్యాటరీ మెషీన్ కొందామని వెతికితే ఎదురయ్యేవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. పిస్టల్ ఆకారం, ముందు బిట్ (స్క్రూ తలలో దూరే మొన), కింద బ్యాటరీ. కానీ వాటిలో ఒకటి 5 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, దగ్గర ఆగిపోతే, ఇంకొకటి 150 దాటి వెళ్తుంది. మొదటిదాన్ని గోడకు బెజ్జం వేయడానికి తెచ్చుకుంటే నిరాశే మిగులుతుంది. రెండోదాన్ని అల్మారా హింజ్‌ల మీద పెడితే పార్టికల్ బోర్డు రవ్వలు రవ్వలుగా రాలిపోతుంది. అందుకే "ఏది మంచిది" అనే ప్రశ్నను పక్కన పెట్టి, మీరు వచ్చే ఏడాదిలో నిజంగా ఏ స్క్రూలు బిగించబోతున్నారో ముందు ఆలోచించుకోండి.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది పవర్. ఇంటి పనుల్లో స్క్రూ పాడయ్యేది, చెక్క చీలేది పవర్ చాలక కాదు. సరైన చోట ఆపలేకపోవడం వల్ల. కాబట్టి ఈ మెషీన్లను నేను ముందుగా చూసేది ఎంత గట్టిగా తిప్పుతాయని కాదు, ఎంత సున్నితంగా ఆగుతాయని. ఈ వ్యాసంలో నా సలహాలన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

చేతిలో ఇమిడే చిన్నది

3.6 లేదా 4 వోల్టులని రాసి ఉండేవి ఈ రకం. రెండూ ఒకటే, లోపల ఉండేది ఒకే ఒక్క లిథియం అయాన్ సెల్. బరువు సుమారు 300 నుంచి 500 గ్రాములు. టార్క్ చాలావాటిలో 3 నుంచి 6 న్యూటన్ మీటర్ల మధ్య, వేగం నిమిషానికి 200 నుంచి 350 చుట్ల దాకా. ముందు చక్, అంటే బిట్‌ను బిగించి పట్టే దవడలు, ఉండదు; పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల షడ్భుజి రంధ్రం ఉంటుంది. అందులో బిట్ దూర్చడమే.

ఈ టార్క్ తక్కువేమీ కాదు. విడిభాగాలుగా వచ్చే ఫర్నిచర్ బిగించడం, డ్రాయర్ హ్యాండిళ్లు, బొమ్మల బ్యాటరీ మూతలు, కర్టెన్ బ్రాకెట్లు, ముందే బెజ్జం ఉన్న ప్లైవుడ్‌లో 3.5 మిల్లీమీటర్ల స్క్రూలు... ఇవన్నీ హాయిగా చేస్తుంది. గట్టి చెక్కలో బెజ్జం లేకుండా 5 మిల్లీమీటర్ల లావు స్క్రూ దించమంటే మాత్రం సగంలో నిలిచిపోతుంది. అక్కడ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని బతిమాలడం మోటారుకు, బ్యాటరీకి రెండింటికీ చేటు. ఇలాంటి చోట స్పిండిల్ లాక్ ఉన్న మోడల్ అక్కరకొస్తుంది. మోటారు ఆగినప్పుడు ముందు భాగం బిగుసుకుపోతుంది కనుక, మెషీన్‌నే మామూలు స్క్రూడ్రైవర్‌లా పట్టుకుని చివరి రెండు చుట్లు చేత్తో తిప్పుకోవచ్చు. కొనేముందు ఇది ఉందో లేదో తప్పకుండా అడగండి.

ఒకప్పుడు ఈ చిన్నవాటికి మంచి పేరు ఉండేది కాదు. నికెల్ కాడ్మియం బ్యాటరీ కావడంతో సొరుగులో పడేసిన కొన్ని వారాలకు చార్జింగ్ దానంతట అదే దిగిపోయేది. అవసరం పడ్డ రోజున తీస్తే తిరిగేది కాదు. 2003లో బాష్ కంపెనీ ఇక్సో పేరుతో లిథియం అయాన్ స్క్రూడ్రైవర్ తెచ్చాక ఆ బాధ తీరింది. ఎప్పుడో ఒకసారి వాడే ఇంటికి ఇది చాలా పెద్ద తేడా. ఇప్పటికీ పాత నికెల్ బ్యాటరీ మోడళ్లు ఎక్కడైనా కనిపిస్తే వద్దనే చెప్తాను.

ఈ రకంలో ఇంకొక తేడా, ఆన్ చేసే పద్ధతి. కొన్నిటికి బటన్ నొక్కితే ఒకే వేగం. కొన్ని, బిట్‌ను స్క్రూ మీద ఆనించి నొక్కితే తిరగడం మొదలుపెడతాయి. కొన్నిటికి ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగం వస్తుంది. నా ఓటు మూడోదానికి. స్క్రూ మొదటి రెండు మరలు పట్టేదాకా నెమ్మదిగా తిప్పగలగాలి. అది చేయలేని మెషీన్‌తో స్క్రూ పక్కకు ఒరిగి, బిట్ జారి, కొత్త తలుపు మీద గీత పడుతుంది.

12 వోల్టుల డ్రిల్ డ్రైవర్

ఒకే మెషీన్ కొంటాను, అన్నిటికీ అదే వాడతాను అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. 10.8 వోల్టులని, 12 వోల్టులని రెండు రకాలుగా రాస్తారు, వస్తువు ఒకటే. మూడు సెల్స్, ఒక్కోదానికి 3.6 చొప్పున 10.8. పూర్తిగా చార్జ్ అయినప్పుడు 12 పైన చూపిస్తుంది. 18, 20 వోల్టుల తేడా కూడా ఇలాంటిదే, రెండింటిలోనూ ఉండేది ఐదు సెల్సే. 20 అని రాసినది ఎక్కువ బలమని అనుకుని డబ్బు ఎక్కువ పెట్టకండి.

బరువు బ్యాటరీతో కలిపి కిలో దగ్గర. టార్క్ ఎక్కువ మోడళ్లలో 30 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. రెండు గేర్లు ఉంటాయి. మొదటిది స్క్రూలకు, నిమిషానికి 400 చుట్ల లోపు. రెండోది చెక్కకు, రేకుకు బెజ్జాలు వేయడానికి, 1300 లేదా అంతకు పైన. ముందు 10 మిల్లీమీటర్ల చక్ ఉంటే స్క్రూ బిట్‌తో పాటు డ్రిల్ బిట్ కూడా పట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా దీనికి క్లచ్ రింగ్, అంటే మీరు పెట్టిన బిగువు రాగానే బిట్‌ను ఆపేది, ఉంటుంది. దాని గురించి కింద వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ మెషీన్‌కు డబ్బు పెట్టేది ప్రధానంగా దానికోసమే.

టార్క్ అంకె దగ్గర ఒక్క జాగ్రత్త. ఒకే మెషీన్‌కు రెండు అంకెలు ఇస్తారు. లోహంలో బోల్టు తల ఆనిన క్షణంలో ఒక్కసారిగా వచ్చేది హార్డ్ టార్క్. చెక్కలోకి స్క్రూ దిగేకొద్దీ పెరిగే బిగువును తట్టుకుంటూ ఇచ్చేది సాఫ్ట్ టార్క్. డబ్బా మీద పెద్దగా అచ్చు వేసేది మొదటిది. రెండోది అందులో సగమే ఉండొచ్చు. రెండు కంపెనీల మెషీన్లు పోల్చేటప్పుడు ఒకదాని హార్డ్‌ను ఇంకొకదాని సాఫ్ట్‌తో పోలుస్తున్నారేమో చూసుకోండి.

18 వోల్టుల డ్రిల్ డ్రైవర్ గురించి ఎక్కువ చెప్పను. 50 న్యూటన్ మీటర్లు, ఆపైన టార్క్, 13 మిల్లీమీటర్ల చక్, కిలోన్నర దాకా బరువు. మంచాలు, గేట్లు, చెక్క దూలాలు చేసేవాళ్లకు, అదే బ్యాటరీతో రంపం, గ్రైండర్ కూడా నడపాలనుకునేవాళ్లకు ఇది సరైనది. నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో తల పైకి ఎత్తి కర్టెన్ రాడ్ బిగించాల్సిన మనిషికి ఆ అదనపు అరకిలో ఐదు నిమిషాల్లోనే భుజానికి తెలిసిపోతుంది. పెద్ద డ్రిల్ బిట్ చెక్కలో ఇరుక్కుంటే మెషీన్ ఎదురు తిరిగి మణికట్టును మెలిపెడుతుంది కూడా. పక్క హ్యాండిల్ ఇస్తే దాన్ని డబ్బాలో వదిలేయకండి.

ఇంపాక్ట్ డ్రైవర్‌తో జాగ్రత్త

పొట్టిగా, ముద్దుగా ఉంటుంది. చిన్నదే కదా అని చాలామంది దీన్నే తీసుకుంటారు. నిజానికి ఈ జాబితాలో అన్నిటికంటే మొండిది ఇదే. లోపల ఒక సుత్తి లాంటి దిమ్మ ఉంటుంది. స్క్రూ బిగువెక్కగానే ఆ దిమ్మ తిరిగే దిశలోనే దెబ్బలు వేయడం మొదలుపెడుతుంది, నిమిషానికి వేలల్లో. అందుకే 12 వోల్టుల మోడల్ కూడా 100 న్యూటన్ మీటర్లు ఇవ్వగలదు, అయినా మీ మణికట్టు మెలిపడదు. పొడవాటి స్క్రూలు, తుప్పు పట్టిన బోల్టులు, ఇనుప ఫ్రేముకు రేకులు బిగించే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు, ఇలాంటి పనుల్లో దీనికి సాటి లేదు.

అయితే మామూలుగా దీనికి క్లచ్ ఉండదు. మీ వేలు ట్రిగ్గర్ మీద ఉన్నంతసేపూ బిగిస్తూనే ఉంటుంది. పార్టికల్ బోర్డులో మర పోవడం, సన్నని స్క్రూ తల విరిగిపోవడం, ఇత్తడి స్క్రూ మధ్యకు తెగిపోవడం అన్నీ కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోతాయి. మోత కూడా చెవులకు హాని చేసేంత ఉంటుంది, ఎక్కువసేపు వాడితే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాల్సిందే. దీని ముందు భాగం 50 మిల్లీమీటర్ల పొడవుండి నడుమ గాడి ఉన్న బిట్లనే సరిగా పట్టుకుంటుంది. 25 మిల్లీమీటర్ల పొట్టి బిట్లకు విడిగా హోల్డర్ కావాలి. మామూలు బిట్లు ఈ దెబ్బలకు ముక్కలైపోతాయి కాబట్టి ఇంపాక్ట్ రేటెడ్ అని ఉన్నవే వాడాలి.

పేరు వల్ల ఇంకో తికమక వస్తుంది. ఇంపాక్ట్ డ్రైవర్ వేరు, ఇంపాక్ట్ డ్రిల్ లేదా హామర్ డ్రిల్ వేరు. మొదటిదాని దెబ్బ తిరిగే దిశలో పడుతుంది, అది స్క్రూల కోసం. రెండోదాని దెబ్బ బిట్ పొడుగునా ముందుకు పడుతుంది, అది గోడల కోసం. ఇటుక గోడకు బెజ్జాలు వేయాలంటే హామర్ డ్రిల్ కావాలి. కాంక్రీటు శ్లాబుకైతే అది కూడా ఆయాసపడుతుంది, ఎస్‌డీఎస్ అనే, గాడులున్న బిట్లను పట్టే చక్ ఉన్న రోటరీ హామర్ తేవాలి. అలాంటి బెజ్జాలు ఎప్పుడో ఒకటీ అరా అయితే రోటరీ హామర్‌ను అద్దెకు తెచ్చుకుని, స్క్రూల కోసం మాత్రం చిన్న డ్రైవర్ కొనుక్కోవడం నయం.

క్లచ్ రింగ్‌ను వాడటం

చక్ వెనక 1 నుంచి 15 లేదా 20 దాకా అంకెలున్న రింగే క్లచ్. ఆ అంకెలు న్యూటన్ మీటర్లు కావు, గేరు నంబర్లు కావు. ఏ బిగువు దగ్గర మోటారుకు, బిట్‌కు మధ్య సంబంధం తెగిపోవాలో చెప్పే మెట్లు మాత్రమే. ఒక మెషీన్‌లో 5, ఇంకో మెషీన్‌లో 5 ఒకటి కావు. చివర డ్రిల్ బొమ్మ ఉన్న చోట క్లచ్ పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది. కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది రింగ్‌ను అక్కడే వదిలేసి స్క్రూలు బిగిస్తుంటారు. మర పోయే కేసుల్లో ఎక్కువ శాతం అక్కడే పుడతాయని నా నమ్మకం.

సరైన అంకె పట్టుకోవడం ఇలా. మీరు వాడబోయే బోర్డు ముక్కే ఒకటి, స్క్రూలు అవే రెండు మూడు పక్కన పెట్టుకోండి. గేరు 1లో, రింగ్ 2 లేదా 3 మీద పెట్టి ఒక స్క్రూ దించండి. కొంత దూరం దిగి టకటకమని చప్పుడు చేస్తూ బిట్ ఆగిపోతుంది, మోటారు మాత్రం తిరుగుతూ ఉంటుంది. స్క్రూ తల ఇంకా పైకి ఉంటే రింగ్ ఒక మెట్టు పెంచి మళ్లీ నొక్కండి. తల బోర్డుతో సమానంగా కూర్చున్న చోట చప్పుడు వస్తే అదే మీ అంకె. ఆ తర్వాత నలభై స్క్రూలున్నా నలభయ్యీ ఒకే లోతులో ఆగుతాయి. గేరు 2లో ఇది కుదరదు. వేగం ఎక్కువగా ఉండటంతో క్లచ్ విడిపోయేలోపే ఊపు మీద ఇంకాస్త దిగిపోతుంది.

విప్పిన స్క్రూను మళ్లీ అదే బెజ్జంలో పెట్టేటప్పుడు మెషీన్‌ను ముందు పక్కన పెట్టండి. స్క్రూను వేళ్లతో బెజ్జంలో నిలిపి, చేతి స్క్రూడ్రైవర్‌తో ఎడమ వైపుకు, అంటే విప్పే వైపుకు మెల్లగా తిప్పండి. ఒక చోట చిన్నగా టిక్కున కిందికి జారినట్టు చేతికి తెలుస్తుంది. పాత మర మొదలయ్యే చోటు అదే. అక్కడి నుంచి కుడివైపు తిప్పితే పాత దారిలోనే వెళ్తుంది. నేరుగా మెషీన్ పెట్టి తిప్పితే కొత్త దారి కోసుకుంటుంది. పార్టికల్ బోర్డుకైనా, ప్లాస్టిక్‌కైనా రెండోసారి మర కోస్తే పట్టు సగం పోయినట్టే.

బెజ్జం ముందే వేయాలా అని అడుగుతుంటారు. గట్టి చెక్కకు, అంచుకు దగ్గరగా వేసే స్క్రూలకు తప్పనిసరి. 4 మిల్లీమీటర్ల స్క్రూకు మెత్తటి చెక్కలో 2.5, గట్టి చెక్కలో 3 మిల్లీమీటర్ల బెజ్జం సరిపోతుంది. రెండు పలకలు కలిపేటప్పుడు పై పలకలో మాత్రం స్క్రూ సులువుగా జారేంత, అంటే 4 లేదా 4.5 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. లేకపోతే స్క్రూ మర రెండు పలకలనూ విడివిడిగా పట్టేసుకుని, మధ్యలో సందు అలాగే ఉండిపోతుంది. ఎంత టార్క్ పెట్టినా ఆ సందు మూసుకోదు. కిందిది బలంగా లాగాలంటే పైది వదులుగా ఉండాలి.

బిట్ తప్పయితే మెషీన్ ఏం చేస్తుంది

ఎంత మంచి డ్రైవర్ కొన్నా, దానితో ఉచితంగా వచ్చే బిట్లు మెత్తనివైతే వారంలో మొనలు గుండ్రంగా అరిగిపోతాయి. మెషీన్ ధరలో కాస్త తగ్గించుకునైనా బిట్లు మంచివి కొనమని అందుకే చెప్తాను. పది రకాలు అక్కర్లేదు. ఇంట్లో ఎక్కువగా వాడేవి పీహెచ్2, పీజెడ్2, టార్క్స్ టీ20, టీ25 (అక్షరాలు తల రకం, అంకెలు సైజు), మైనస్ ఒకటి, షడ్భుజివి రెండు మూడు.

మనం స్టార్ స్క్రూ అని పిలిచేదాంట్లో రెండు రకాలున్నాయి. మామూలు ప్లస్ గుర్తు ఉన్నది ఫిలిప్స్, అంటే పీహెచ్. ఆ ప్లస్ చేతుల మధ్య నాలుగు సన్న గీతలు కూడా ఉంటే అది పోజిడ్రివ్, పీజెడ్. ఫర్నిచర్ స్క్రూలలో పీజెడ్ చాలా ఎక్కువ. పీజెడ్ స్క్రూలో పీహెచ్ బిట్ పెట్టినా దూరుతుంది, తిరుగుతుంది కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ వదులుగా ఊగుతూ, బిగువు పెరిగే చోట ఎగిరి బయటికొచ్చి, స్క్రూ తలను గిన్నెలా తొలిచేస్తుంది. 1930లలో వచ్చిన ఫిలిప్స్ తల బిగువెక్కితే బిట్‌ను సహజంగానే బయటికి తోస్తుంది. పోజిడ్రివ్ ఆ లోపాన్ని తగ్గించడానికి వచ్చింది. 1967లో వచ్చిన ఆరు కోణాల టార్క్స్ దాన్ని దాదాపుగా పోగొట్టింది. స్క్రూలు మీరే కొనుక్కునేట్టయితే టార్క్స్ తలవే తీసుకోండి. మెషీన్ వాడకం సగం సులువైపోతుంది.

బిట్ సరైనదే అయినా జారుతుంటే రెండు కారణాలుంటాయి. బిట్ స్క్రూకు నిటారుగా లేకపోవడం, వెనక నుంచి తగినంత ఒత్తిడి లేకపోవడం. మెషీన్ వెనక భాగం మీద అరచేయి పెట్టి, స్క్రూ వరుసలోనే నొక్కండి. పిడిని మాత్రమే నొక్కితే బిట్ పైకి ఒరుగుతుంది. స్క్రూ మరకు కొంచెం మైనం రాస్తే గట్టి చెక్కలో కూడా తేలిగ్గా దిగుతుంది. సబ్బు రాసేవాళ్లూ ఉన్నారు, కానీ అది తేమను లాక్కుని స్క్రూను తుప్పు పట్టిస్తుంది.

మెషీన్ పెట్టకూడని చోట్లు

స్విచ్‌బోర్డు లోపల వైర్లు పట్టే టెర్మినల్ స్క్రూలు చేత్తోనే బిగించండి. 3 మిల్లీమీటర్ల టెర్మినల్ స్క్రూకు అర న్యూటన్ మీటరే చాలు, చిన్న మెషీన్ కూడా దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఈ మెషీన్లకు, బిట్లకు ఇన్సులేషన్ ఉండదు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టాలి. పైన ప్లేటు స్క్రూలకు మెషీన్ వాడినా క్లచ్ 1 మీదే ఉంచండి. లేకపోతే ప్లాస్టిక్ ప్లేటు పగులుతుంది.

ఫర్నిచర్‌లో పలకలను లాక్ చేసే గుండ్రటి క్యామ్‌లు అర చుట్టు కంటే ఎక్కువ తిరగవు, వాటికి మెషీన్ అసలు వద్దు. ఫోన్లు, లాప్‌టాప్‌ల కోసం పెన్ను ఆకారంలో 4 మిల్లీమీటర్ల బిట్లతో వేరే రకం వస్తుంది. మోటారు చాలా బలహీనంగా ఉండటమే దాని మంచి గుణం. చివరి బిగువు చేత్తోనే ఇవ్వాలి.

కొట్లో చేతిలోకి తీసుకున్నప్పుడు

ట్రిగ్గర్‌ను కొద్దిగా నొక్కి, చుట్లు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా తిరుగుతుందేమో చూడండి. తిరగకుండా కుయ్యిమని ఒక్కసారి ఎగిరితే అది మంచి ట్రిగ్గర్ కాదు. బిట్ పెట్టి తిప్పుతూ మొన వైపు చూడండి. మొన గుండ్రంగా ఊగుతుంటే చక్‌లో తేడా ఉన్నట్టే. ఫార్వర్డ్, రివర్స్ మార్చే బటన్ బొటనవేలికి అందాలి, నడుమ లాక్ అయ్యే చోటు ఉండాలి. సంచిలో తనంతట తాను ఆన్ కాకుండా ఆపేది అదే. పిల్లలున్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం.

బ్రష్‌లెస్ మోటారుకు ఎక్కువ పెట్టాలా? రోజూ వాడేవాళ్లు పెట్టాలి. కార్బన్ బ్రష్‌లు అరిగేది ఉండదు, ఒక చార్జింగ్‌లో ఎక్కువ పని వస్తుంది. నెలకోసారి నాలుగు స్క్రూలు బిగించే ఇంటికి ఆ డబ్బు రెండో బ్యాటరీ మీద పెట్టడం మేలు. బ్యాటరీలు పోల్చేటప్పుడు ఆంపియర్ అవర్లు మాత్రమే చూస్తే మోసపోతాం. దాన్ని వోల్టులతో గుణించండి. 3.6 వోల్టులు, 1.5 ఆంపియర్ అవర్లు అంటే 5.4 వాట్ అవర్లు. 10.8 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అంటే 21.6. అంకెలు దగ్గరగా కనిపించినా లోపల ఉన్న శక్తి నాలుగు రెట్లు.

బ్యాటరీ మెషీన్ లోపలే ఉంటే, అది పోయిన రోజున మెషీన్ కూడా పోయినట్టే. చిన్న రకంలో దాదాపు అన్నీ ఇంతే, అది ఒప్పుకుని కొనాలి. యూఎస్‌బీ-సీ చార్జింగ్ ఉన్నది తీసుకుంటే కనీసం ప్రత్యేక చార్జర్ పోయిందన్న టెన్షన్ ఉండదు. 12 వోల్టుల రకంలో మాత్రం బ్యాటరీ విడిగా దొరుకుతుందా, అదే బ్యాటరీతో ఇంకేం మెషీన్లు నడుస్తాయన్నది కొనేముందే చూడండి. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ మెషీన్‌కు పట్టదు కనుక, మొదటి మెషీన్‌తోనే తర్వాత కొనేవి కూడా సగం నిర్ణయమైపోతాయి.

లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి చార్జ్ చేయాలన్నది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట. సగం దిగినా చార్జ్ పెట్టుకోవచ్చు. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జింగ్‌తో, ఎండ తగలని చల్లని చోట దాచండి. పని అయిపోయి వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే చార్జర్‌లో పెట్టకుండా పావుగంట చల్లారనిచ్చి పెట్టండి.